కడాయికి గోత్రం అడిగేవాళ్లకు

మా అనంతపురం వైపు ఈ మధ్య ఒక మాట బాగా చలామణీలో ఉంది. ఉగాది సభలో మైకు దొరికిన పెద్దమనిషి అదే అంటాడు. సిరిధాన్యాల మీద ఊరూరా ప్రసంగించే ఆరోగ్య ప్రచారకుడూ అదే అంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండక్కి ఊరొచ్చిన కుర్రవాడు కూడా, కొంచెం ఇంగ్లీషు కలిపి, అదే అంటాడు. రాయదుర్గం, కళ్యాణదుర్గం సెంటర్లలోనూ, ఇప్పుడు గుమ్మఘట్ట లాంటి మండల కేంద్రాల్లోనూ చీకటి పడేసరికి వెలిగే ఫాస్ట్ ఫుడ్ బండి మీద వండేది చైనా వంట కాదట. పోనీ మన వంటా అంటే అదీ కాదట. రెంటికీ చెడ్డ రేవడి అట. పిల్లలు ముద్ద మానేసి నూడుల్స్‌కు ఎగబడుతున్నారనీ, ఊరు ఊరంతా చెడిపోయిందనీ అంటారు.

ఆ బెంగళూరు కుర్రవాడే మొన్నామధ్య ఏదో పెద్ద హోటల్లో తిన్న భోజనం ఫొటోలు ఫోన్లో చూపించాడు. పలకంత నల్లటి ప్లేటు, దాని మధ్యన మూడు వేళ్లతో ఎత్తగలిగినంత తిండి. మెనూ కార్డు మీద సంప్రదాయ కాంటన్ వంటకు ఆధునిక సృజన జోడించామని రాసి ఉందట. అది చెబుతుంటే వాడి గొంతులో భక్తి వినిపించింది. ప్లేటు ఖరీదు మా వైపు కూలి మనిషి వారం సంపాదన. అక్కడ కలిపితే సృజన, ఇక్కడ బండి మీద కలిపితే సంకరం. ఈ రెండు నాలుకల మాట మీదే నా పేచీ.

బండిని తిట్టేవాళ్ల వాదంలో రెండు తీర్పులున్నాయి. అది అసలు చైనా వంట కాదన్నది ఒకటి, అది మన సంప్రదాయాన్ని మింగేస్తోందన్నది రెండోది. మొదటిది చైనా వంట సంగతి తెలియక అనే మాట. రెండోది మన వంట సంగతి తెలియక అనే మాట.

కాంటన్ అంటే దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి రాజధాని అయిన గ్వాంగ్‌జౌ. 1757 నుంచి 1842 దాకా పాశ్చాత్య దేశాల ఓడలను వ్యాపారానికి రానిచ్చిన ఒకే ఒక్క చైనా రేవు అది. ఎనభై ఐదేళ్లపాటు లోకమంతా ఒకే గుమ్మంలోంచి లోపలికొస్తే ఆ ఇంటి వంటిల్లు ఎలా ఉంటుందో ఆలోచించండి. వచ్చినదాన్ని పట్టుకుని తనది చేసుకోవడమే కాంటన్ వంటవాడి చదువు. సంప్రదాయమని వాళ్లు నెత్తిన పెట్టుకునే ఆయిస్టర్ సాస్ 1888 నాటిది. లీ కుమ్ షియుంగ్ అనే చిన్న తిండికొట్టు యజమాని పొయ్యి మీద ఆల్చిప్పల మాంసం ఉడకబెట్టి మరిచిపోతే, అడుగంటిన ఆ చిక్కటి రసమే సాస్ అయిందని ఆయన పెట్టిన లీ కుమ్ కీ కంపెనీ వాళ్లే చెప్పుకుంటారు. అంటే అది మన కాంగ్రెస్ పార్టీ కంటే మూడేళ్లు చిన్నది. ఇప్పుడు ఖరీదైన కాంటన్ వంటకాలకు కిరీటంలా వాడే ఎక్స్‌వో సాస్ మరీ చిన్నది, 1980ల్లో హాంకాంగ్ పెద్ద హోటళ్లలో పుట్టింది. ఎండబెట్టిన సముద్రపు జీవాలు, ఎండు రొయ్యలు, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం, మిరపకాయలు నూనెలో వేయించి చేస్తారు. ఖరీదైన బ్రాందీ సీసా మీద ఉండే అక్షరాలు తెచ్చి దీనికి పెట్టారు గానీ, ఇందులో చుక్క బ్రాందీ ఉండదు. హాంకాంగ్‌వాళ్లు ప్రాణంగా తినే ఎగ్ టార్ట్ ఇంగ్లీషువాళ్ల కస్టర్డ్ టార్టుకు స్వయానా చుట్టం. అక్కడి పాలటీలో డబ్బా పాలు పోస్తారు.

మిషెలిన్ గైడు 2009 సంచికలో మూడు నక్షత్రాలు పొందిన మొట్టమొదటి చైనా రెస్టారెంటు హాంకాంగ్‌లోని లుంగ్ కింగ్ హీన్. కాంటన్ వంటే. అక్కడి ప్రధాన వంటగాడు చాన్ యాన్ తక్‌కు పేరు తెచ్చిన వాటిలో ఒకటి అబలోన్ అనే సముద్రపు నత్తను కోడి మాంసంతో కలిపి పఫ్ మీద పెట్టి కాల్చినది. పఫ్ ఎవరిది? యూరప్ బేకరీవాళ్లది. అయినా అది కాంటన్ వంట కాదని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. ఆ చేతికి కాంటన్ వంటిల్లు వచ్చు గనక, ఆ చేతిలోకి వచ్చిందల్లా కాంటన్ వంట అయింది. ఈ న్యాయాన్నే కొంచెం పడమటికి జరిపి కలకత్తాకు తెద్దాం.

టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి 18వ శతాబ్దం చివర్లో వారన్ హేస్టింగ్స్ దగ్గర భూమి తీసుకుని కలకత్తాకు దిగువన, హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరిని ఇప్పటికీ అచీపూర్ అనే పిలుస్తారు. ఆ తర్వాత నూరు నూటయాభై ఏళ్లలో కాంటన్ వడ్రంగులు వచ్చారు, హక్కా జాతివాళ్లు వచ్చి తోళ్ల పని, చెప్పుల పని పట్టుకున్నారు. టిరెట్టా బజారు, టాంగ్రా వీళ్ల పేటలు. ఇక్కడి మిరపకాయ, ఇక్కడి అల్లం వెల్లుల్లి, ఇక్కడి కొత్తిమీర వీళ్ల కడాయిల్లో పడ్డాయి. వాళ్లు తినే తిండి ఒకటి, మనకు పెట్టే తిండి ఒకటి అన్నట్టుగా రెండు పాయలుగా సాగి, చివరికి రెండో పాయే నది అయింది. ఆ కలకత్తాలోనే 1950లో పుట్టిన నెల్సన్ వాంగ్ బొంబాయి వెళ్లి, 1975లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వండుతూ, కొత్తగా ఏదైనా పెట్టమని అడిగినవాళ్ల కోసం కోడి ముక్కలను అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప తాలింపులో వేసి, గరం మసాలా వేయాల్సిన చోట సోయా సాస్, కార్న్ ఫ్లోర్ వేశాడు. మంచూరియన్ అలా పుట్టింది. కోడి బదులు కాలీఫ్లవర్ పెట్టడంతో అది గోబీ అయి కర్ణాటకను చుట్టేసి, చెక్‌పోస్టు దాటి మా రాయదుర్గానికి వచ్చింది.

దీన్ని నకిలీ అనాలంటే ముందు నెల్సన్ వాంగ్‌ను చైనావాడు కాదనాలి. 1962లో మన ప్రభుత్వం ఆ మాట అనలేదు సరికదా, సరిగ్గా దానికి ఎదురు మాట అంది. చైనాతో యుద్ధం రాగానే, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లను సైతం చైనావాళ్లేనని ముద్రవేసి దాదాపు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపుకు రైళ్లలో తరలించింది. కొందరు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నారు. బయటికొచ్చినవాళ్లలో చాలామందికి ఇల్లూ వ్యాపారమూ మిగల్లేదు. కెనడా వెళ్లినవాళ్లు టొరంటోలో పెట్టిన హోటళ్లలో ఇప్పుడు చిల్లీ చికెన్, హక్కా నూడుల్స్ అమ్ముతారు. అంటే మనుషులను జైల్లో పెట్టేటప్పుడు వాళ్లు అచ్చమైన చైనావాళ్లు, వాళ్ల వంట తినేటప్పుడు మాత్రం అది నకిలీ చైనా. నాకు ఈ వాదంలో రుచి కంటే అన్యాయమే ఎక్కువ కనిపిస్తుంది.

పుట్టుపూర్వాల సంగతి అలా ఉంచి పనితనం చూద్దాం. కాంటన్ వంటలో వంటవాడి చేతిని కొలిచే కొలత ఒకటుంది. వొక్ హే అంటారు, కడాయి ఊపిరి. ఇనప కడాయి పొగలు కక్కేంతగా కాలాలి. నూనె పలచగా పట్టాలి. వేసినది వేసినట్టు గాల్లోకి ఎగరేస్తూ ఉండాలి. కూరగాయల్లోని నీరు కడాయిలో చేరి ఉడికించేలోపే ఆవిరైపోవాలి, ఎగిరిన నూనె తుంపర మంటకు అంటుకుని ఆ పొగ వాసన ముక్కకు పట్టాలి. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద ఇది రాదు, దానికి అంత మంట లేదు. అన్నం ముందే వండి, ఆరబెట్టి, పలుకు పలుకుగా ఉంచకపోతే కడాయిలో ముద్దయిపోతుంది. వేడన్నంతో ఫ్రైడ్ రైస్ చేయబోయి ఇళ్లలో పులగం చేసినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఇప్పుడు మా వైపు ఏ బండి దగ్గరికైనా వెళ్లి చూడండి. బర్నర్ హోరుకు పక్కనున్న మనిషి మాట వినబడదు. మధ్యాహ్నమే వండి పరిచి ఆరబెట్టిన అన్నం పెద్ద డబ్బాలో ఉంటుంది. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్టు, బీన్సు, ఉల్లికాడలు గిన్నెల్లో సిద్ధంగా ఉంటాయి. "అన్నా, ఎగ్ రైస్ ఒకటి, గోబీ ఒకటి" అనడమే ఆలస్యం, రెండు నిమిషాలు పట్టదు. ఎడం చెయ్యి కడాయిని ఊపుతూ ఉంటుంది, కుడి చేతి గరిట ఉప్పు డబ్బా నుంచి మిరియాల డబ్బాకు, అక్కడి నుంచి సాస్ సీసాకు తిరుగుతూ ఉంటుంది. చెయ్యి ఆగితే మాడుతుంది. బండి నడిపే అబ్బాయి ఈ పనిని బెంగళూరులో నేర్చుకున్నాడు. చెనిక్కాయ పంట వరసగా రెండేళ్లు ఎండితే మా పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. పోయినవాళ్లలో కొందరు మట్టి పనికి, కొందరు హోటళ్లకు. హోటల్లో మొదట గిన్నెలు, తర్వాత కటింగ్, ఆ తర్వాత నేపాల్ నుంచో ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చిన మాస్టర్ చేతి కింద కడాయి. ఏ వంటల కాలేజీ పట్టా లేకుండా, ఒక చేతి నుంచి ఇంకో చేతికి, కాంటన్ నుంచి కలకత్తా, బొంబాయి, బెంగళూరు మీదుగా ఒక విద్య గుమ్మఘట్ట దాకా నడిచి వచ్చింది. సంప్రదాయం అనేది ఇంతకంటే వేరేగా ఎక్కడైనా నడుస్తుందా? నల్ల ప్లేటు హోటల్లో ఉన్నదీ ఇదే విద్య. అక్కడ దానికి ఏసీ గదీ, చెప్పుకోవడానికి ఒక కథా ఉన్నాయి.

ఇక రెండో తీర్పు. మన సంప్రదాయం.

సిరిధాన్యాల సభల్లో ముద్దనూ, ఊరుబిండినీ, కొర్రన్నాన్నీ వరసగా పేర్చి, ఇవి మన మట్టిలోంచి పుట్టిన తిండి అంటారు. వరస బాగుంది. ఒక్కొక్కదాన్నే అడుగుదాం. రాగి తూర్పు ఆఫ్రికా కొండల నుంచి వచ్చింది, జొన్న కూడా ఆఫ్రికాదే. సంగటిలోకి వేసే ఎండుమిరపకాయ, పులుసులోకి వేసే టమోటా, ఊరుబిండికి ప్రాణమైన చెనిక్కాయ, ఇవన్నీ అమెరికా ఖండాలవి. పోర్చుగీసువాళ్ల ఓడల కాలంలో ఈ దేశానికి చేరాయి. చింతచెట్టుకు కూడా పుట్టిల్లు ఆఫ్రికా. మరి కొర్ర? మన ప్రచారకుల జెండా మీద ఉండాల్సిన గింజ అది. దాన్ని మొదట సాగుచేసింది ఉత్తర చైనాలో, ఎనిమిది వేల ఏళ్లకు పైబడిన మాట. బండి మీది నూడుల్స్ చైనావని ఈసడించి ఇంటికెళ్లి కొర్రన్నం తినే పెద్దమనిషి, పాపం, రెండింటిలో ఎక్కువ చైనాదాన్నే తింటున్నాడు.

నిఖార్సుగా ఈ పీఠభూమిదే కావాలంటే అదీ ఉంది. కళ్యాణదుర్గం వైపు పాలవాయిలో కొత్త రాతియుగపు బూడిద దిబ్బ ఉంది. బళ్లారి నుంచి ఇక్కడి దాకా ఇలాంటివి చాలా ఉన్నాయి, పశువుల పేడ తగలబెట్టగా పోగుపడిన దిబ్బలు. నాలుగు వేల ఏళ్ల కిందట ఆ మనుషులు ఏం తిన్నారో ఈ ప్రాంతపు తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలను బట్టి పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు. శుద్ధ సంప్రదాయవాదులకు నా మనవి ఒక్కటే. మిరపకాయ లేకుండా, చింతపండు లేకుండా, టమోటా లేకుండా, చెనిక్కాయ నూనె లేకుండా అండుకొర్రల గంజీ ఉలవ గుగ్గిళ్లూ ఒక్క నెల తిని, ఆ తర్వాత వచ్చి బండి కుర్రాడికి బుద్ధి చెప్పండి.

ఎగతాళి పక్కన పెడతాను. మన ఆడవాళ్లు ఎక్కడిదో చెనిక్కాయను తెచ్చి, దాన్ని వేయించి, ఎండుమిరపకాయతో నూరి ఊరుబిండి చేశారు. బొరుగులను నానబెట్టి ఉగ్గాని చేశారు, దానికి మిరపకాయ బజ్జీని జత కట్టారు. ఎవరూ వాళ్లను సృజన చేశారని పొగడలేదు, సంప్రదాయాన్ని చెడగొట్టారని తిట్టనూ లేదు. వచ్చిన దినుసుకు ఉన్న పనితనం కలిపారు, అంతే. కాంటన్ వంటవాడు చేసింది అదే, బండి కుర్రాడు చేస్తున్నదీ అదే. కాలీఫ్లవర్ కూడా ఈ దేశానికి 1822లో ఇంగ్లీషువాళ్ల విత్తనంతో వచ్చిందే. దాన్ని ఆలూతో కలిపి వండితే సంప్రదాయం, సోయా సాస్‌లో వేస్తే అపచారం. ఈ గీత ఎవరు గీశారు?

అయితే ప్రచారకుడి మాటలో ఒక నిజమైన దుఃఖం ఉంది. దాన్ని నేను కాదనను. కొర్ర నిజంగానే మా పొలాల్లోంచి పోయింది. సజ్జ, సామ, ఆరిక పోయాయి. పిల్లలకు వాటి రుచి తెలియదు. కానీ హంతకుడని చూపించే వేలు తప్పు మనిషి వైపు ఉంది. కొర్రను చంపినప్పుడు బండి ఇంకా పుట్టలేదు.

జరిగింది ఇది. మద్రాసు రాజధాని నుంచి చెనిక్కాయలు ఓడల్లో ఫ్రాన్స్‌లోని మార్సేల్ నూనె మిల్లులకు పోవడం పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. తినడానికి కాకుండా అమ్మడానికి వేసే పంటగా అది ఈ నేలలో కాలు మోపింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మాది, దేశంలో జైసల్మేర్ తర్వాత మేమేనని బడిలోనే నేర్పేవారు. ఇంత తక్కువ వానలో ఎంతో కొంత డబ్బు తెచ్చే పంట ఇంకోటి లేదు గనక చెనిక్కాయ పాకుతూ పోయింది. ఒకప్పుడు కొర్ర, జొన్న, కంది, ఆముదం, అలసంద కలిపి చల్లిన చేలన్నీ ఒకే పంట చేలయ్యాయి. ఉచ్ఛదశలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా అదొక్కటే. ఒక జిల్లా మొత్తం ఒకే గింజ మీద పందెం కాసింది. గుమ్మఘట్ట పక్కనే వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. అది నిండిన ఏడాది పండగ, అలాంటి ఏడాదులు అరుదు. అందుకే ఆ పందెం నుంచి మా మండలానికీ తప్పించుకునే దారి లేకపోయింది.

రెండో దెబ్బ దెబ్బలా రాలేదు, వరంలా వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆకలికి అన్నం పెట్టిన పథకం అది. అంతకుముందు పండగకు, చుట్టాలొస్తే మాత్రమే బియ్యం వండిన ఇళ్లలో రోజూ తెల్లన్నం ఉడికింది. కానీ దానితో పాటే కొర్రలు దంచే అవసరం పోయింది. కొర్ర గింజకు పొట్టు గట్టిది. దాన్ని రోట్లో పోసి దంచి, చెరిగి, మళ్లీ దంచి అన్నానికి పనికొచ్చేలా చేయడానికి ఆడవాళ్ల నడుములు విరిగేవి. రెండు రూపాయలకు తెల్ల బియ్యం ఇంటికొస్తుంటే ఏ ఆడది రోకలి పట్టుకుంటుంది? పట్టుకోవాలని ఇప్పుడు సభల్లో చెప్పే మగవాళ్లలో రోకలి ఎత్తినవాళ్లెందరో నాకు అనుమానమే. సంగటి సంగతే చూడండి, ఇప్పుడు ఏ ఇంట్లో అయినా సగం రేషన్ బియ్యపు నూకలే, రాగి పిండి పైన చల్లినట్టు. మ్యాగీ నూడుల్స్ ఈ దేశంలోకి వచ్చింది కూడా అదే 1983లో. కానీ అది మా ఊరి కొట్లోకి చేరేసరికి కొర్ర పోయి చాలా కాలమైంది.

మూడో దెబ్బ చెనిక్కాయ మీదే పడింది. 1994లో పామాయిల్ దిగుమతులకు తలుపులు తెరిచారు. ఇప్పుడు దేశం ఏటా 80 లక్షల టన్నులకు అటూ ఇటూ పామాయిల్ తెచ్చుకుంటోంది, ఎక్కువ భాగం ఇండోనేసియా, మలేసియాల నుంచి. గ్వాంగ్‌డాంగ్‌లో ఇళ్లల్లో వాడే నూనె ఏదో తెలుసా? చెనిక్కాయ నూనె. కాంటన్ వంటకు ఆ కమ్మటి వాసన తెచ్చేది అదే, పెద్ద మంటను తట్టుకునేదీ అదే. ప్రపంచంలో చెనిక్కాయ ఎక్కువ పండించే దేశాల్లో చైనా మొదటిది, మనం రెండో స్థానం. చెనిక్కాయ జిల్లా నడిబొడ్డున, అచ్చంగా చెనిక్కాయ నూనెలో చేయాల్సిన వంటను మా బండి కుర్రాడు మలేసియా పామాయిల్‌లో చేస్తున్నాడు. కాంటన్‌వాడు వచ్చి బండి మీద ఏదైనా నకిలీ ఉందని పట్టుకుంటే పట్టుకోవాల్సింది ఆ ఒక్కదాన్నే. దానికి బాధ్యుడు కుర్రాడు కాడు. చెనిక్కాయ నూనె డబ్బా ధరకూ పామాయిల్ డబ్బా ధరకూ ఉన్న తేడాను ప్లేటు ధరలో కలిపితే అతని ప్లేటు ఎవరూ కొనరు.

బండి మీద తప్పులే లేవని నేను అనను. ఉన్నాయి, వాటిని తిట్టాల్సిన భాషలోనే తిట్టాలి. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియన్‌లో కృత్రిమ రంగులు నిషేధించింది. పరీక్షించిన 171 నమూనాల్లో 107 పనికిరానివని తేలింది. ఆ రంగు పొడి పొట్లాలు సరిహద్దుకు ఇవతలా అమ్ముతారు. నెత్తురు లాంటి ఎరుపు కోసం వేసే ఆ పొడిని ఎత్తి పారేయాల్సిందే. మరిగిన నూనెను మళ్లీ మళ్లీ మరిగించడం ఇంకా పెద్ద నేరం. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 నుంచి దేశమంతటికీ నిబంధన ఉంది. మా వైపు ఏ బండి దగ్గరైనా దాన్ని కొలిచిన అధికారిని చూసినవాళ్లెవరూ నాకు తగల్లేదు. ఈ తప్పులు జిలేబీ అంగడిలోనూ ఉన్నాయి, బజ్జీల బండి మీదా ఉన్నాయి, తిరనాళ్లలో అమ్మే రంగు రంగు మిఠాయిల్లో మరీ ఉన్నాయి. వాటిని సంప్రదాయం కింద మాఫీ చేసి, గోబీకి మాత్రం శిక్ష వేస్తే అది ఆరోగ్యం మీద శ్రద్ధ అనిపించుకోదు.

టేస్టింగ్ సాల్ట్ మీద భయం మాత్రం వేరే జాతిది. జపాన్ శాస్త్రవేత్త ఇకెదా 1908లో సముద్రపు నాచు నుంచి తీసిన ఉప్పు అది. అందులోని గ్లూటమేటు టమోటాలో ఉంది, తల్లిపాలలోనూ ఉంది. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు వచ్చిన ఒక్క ఉత్తరంతో చైనా హోటల్ జబ్బు అనే పేరు పుట్టింది. ఆ తర్వాత తినేవాళ్లకు తెలియకుండా పెట్టి చూసిన పరీక్షల్లో ఆ జబ్బు నిలకడగా కనబడలేదు. భయం మాత్రం నిలకడగా ఉండిపోయింది. డాక్టరు కాని ప్రతివాడూ దాని మీద డాక్టరే. బండి దగ్గర ఉప్పు ఎక్కువని చెప్పండి, అది నిజం, నేను ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి ఈ సభల్లో ఎవరూ ఎత్తరు. మా పల్లెల్లో పాత హోటళ్లకు ఒక సంప్రదాయం ఉండేది, రెండు గ్లాసుల సంప్రదాయం. ఊరివాళ్లకు ఒక గ్లాసు, మాలమాదిగలకు వేరే గ్లాసు, అదీ తాగినవాళ్లే కడిగి బయట బోర్లించాలి. చట్టం వచ్చాక కూడా చాలా చోట్ల చాటుమాటుగా సాగింది. ఫాస్ట్ ఫుడ్ బండి ఆ గతం లేకుండా పుట్టింది. ఎవరి ఇంటి వంటా కాదు గనక ఎవరి మడీ దానికి అడ్డం రాలేదు. అదే కడాయి, అదే కాగితం ప్లేటు, అదే స్టూలు. ముందు చెప్పినవాడికి ముందు. కులం పోయిందని నేను అనడం లేదు, బండి దగ్గర కూడా ఎవరు ఎవరితో నిలబడతారో చూస్తే ఊరు తెలిసిపోతుంది. కానీ వంట అడగని ప్రశ్న ఒకటి అక్కడ ఉంది, పాత హోటల్ ఆ ప్రశ్న అడిగేది. మన సంప్రదాయపు తిండి అని మురిసిపోయేటప్పుడు అది ఎవరి వాకిట్లో, ఎవరి గిన్నెలో తిన్న తిండో కూడా గుర్తుచేసుకోవడం మంచిది. గార్మెంట్ షెడ్లలో పని దిగి ఇంటికెళ్లే ఆడపిల్లలు రాయదుర్గంలో బండి దగ్గర ఆగి పార్సిల్ కట్టించుకుంటారు. ఇంటికెళ్లాక వాళ్ల కోసం ఎదురుచూసే పొయ్యి ఆ పూట వెలగనక్కర్లేదు. దీన్ని చెడిపోవడం అంటే నేను ఒప్పుకోను.

కలపడం ఇష్టం లేనివాళ్ల సంగతి సరే, కలపడమంటే ఇష్టమని చెప్పుకునే పెద్ద హోటళ్లకూ నాదొక మాట. సంప్రదాయ కాంటన్ వంటకు ఆధునిక సృజన కావాలంటే దానికి కావలసిన సరుకు మా దగ్గరుంది. ఉత్తర చైనాలో పుట్టి ఇక్కడ మనదైపోయిన కొర్ర ఉంది, కాంటన్ కడాయి కోరుకునే చెనిక్కాయ నూనె ఉంది. కొర్రన్నం ఆరితే పలుకు పలుకుగా విడుతుంది, ఫ్రైడ్ రైస్‌కు చక్కగా ఒదుగుతుంది. నగరాల్లో సిరిధాన్యాల హోటళ్లు కొర్ర ఫ్రైడ్ రైస్ ఇప్పటికే అమ్ముతున్నాయి, మూడంకెల ధరకు. అది మా బండి మీదికి ఎందుకు రాదో సిరిధాన్యాల పెద్దలు ఒకసారి బండి కుర్రాడినే అడగాల్సింది. వాడికి సంప్రదాయం మీద పగ లేదు, పిల్లలకు కొర్ర మీద పగ లేదు. అడ్డం పొట్టు దగ్గరుంది. గింజగా రైతు అమ్మిన కొర్ర ఎక్కడో దూరపు మిల్లుకు వెళ్లి, పొట్టు తీయించుకుని, ఆకుపచ్చ బొమ్మ అచ్చేసిన ప్యాకెట్టులో తిరిగి వచ్చేసరికి ధరలో సోనా మసూరిని దాటిపోతుంది. రోకలి రోజులు మళ్లీ రావు, రాకూడదు. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు చిరుధాన్యాలు పండించే రైతులను కూడగట్టి, అమ్మకం దాకా తామే చూసుకుని చూపించాయి, అంటే పని అసాధ్యమేమీ కాదు. గుమ్మఘట్ట మండలంలోనే కొర్ర పొట్టు తీసే మిషన్లు సరిపడా పెట్టించమని అర్జీ రాయడానికి సభ పెడితే చెప్పండి, నేనూ వచ్చి సంతకం పెడతాను. అప్పుడు మాత్రం నిందితుల జాబితాలోంచి గోబీ మంచూరియన్‌ను తీసేయండి.